పొల్లు అక్షరాలు

4RP9Mn.
ఆరే ఆరు అక్షరాలు.
నల్ల తెర మీద వేలు పెట్టి చూపిస్తే
మేనేజరు రాజు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు.
"ఇదేంటండీ, ధాన్యం బస్తా మీద మార్కాలాగుంది."

ఉత్తరం వచ్చి పడిన క్షణాన్నే
దానికి పేరుగా పెడుతుంది మా సర్వరు,
పుట్టిన నక్షత్రాన్ని బట్టి పేరు పెట్టినట్టు.
కాకపోతే ఈ పంతులుకి అచ్చులు పనికిరావు.
ఏ లేదు, ఈ లేదు, ఓ లేదు.
పొరపాటున ఏ బూతుమాటో పుడుతుందని
ఎవరో ముందే ఏరి పారేశారట.
మిగిలినవన్నీ పొల్లులే.

పొల్లంటే మా వైపు తాలు గింజ కూడా.
చేటతో చెరిగితే గాలికి పోయేది.

ఆదివారం రాత్రి. కాళ్ళ దగ్గర నాలుగో నంబరు చెరువు.
ప్రార్థన అయ్యాక డ్యూటీ ఎక్కింది గెడ్డం సువార్త.
రొయ్య తలచిప్ప ఒలిచి లైటుకి అడ్డం పెడితే
తెల్లమచ్చ.
రిపోర్టు రాసి పంపింది.
పేరు సువార్తే గాని
ఆమె చేతి మీదుగా వెళ్ళేవన్నీ ఇలాంటి కబుర్లే.

భీమవరం ఆఫీసులో అది కనబడింది ఏడుంపావుకి.
అయిదింటికే తూము ఎత్తేశారు.
నాలుగో చెరువు నీళ్ళు మురుగు బోదెలోకి,
బోదెలోంచి
కొల్లాటి వీరవెంకమ్మ కౌలు చెరువులోకి.

"నిద్రపోయింది" అన్నారు.
ల్యాబు కంప్యూటర్లో బ్యాటరీ చచ్చి మూడు నెలలు.
దాని లెక్కన ఆ ఉత్తరం రాసింది
రెండువేల రెండు, జనవరి ఒకటిన.
అప్పటికి సువార్త మూడో తరగతి.

ఎన్నింటికమ్మా అంటే ఆమె చెప్పిన సాక్ష్యం:
"కరెంటు పోయిందండి. ఏరేటర్లు ఆగితే కప్పలు వినపడ్డాయండి.
జనరేటరు అందుకున్నాక మళ్ళీ వినపడలేదు.
అప్పుడే పంపేశానండి, ఆయ్."
కప్పలకి నోటీసు ఇద్దామా అని ఎవరో నవ్వారు.

నా దగ్గరో చిన్న పనిముట్టుంది.
నలభై లైన్లు, నేనే రాసుకున్నది.
ఆరక్షరాలూ ఇచ్చి ఎంటర్ కొడితే
యాభై రెండేసి హెచ్చవేసుకుంటూ పోయి
నూట అరవై తొమ్మిది కోట్ల పందొమ్మిది లక్షల
అరవై ఒక్క వేల నాలుగు వందల ఇరవై తొమ్మిది
అని కింద పడేస్తుంది.
డెబ్భయ్యో సంవత్సరం తొలిరోజు నించి సెకన్లు.
సీమ గడియారం అది. అయిదున్నర గంటలు కలపాలి.

ఆ అయిదున్నర గంటల గీత
మన కాకినాడ పక్కనే సముద్రంలోకి దిగుతుంది.
దేశమంతా టైము అడిగేది ఈ నీళ్ళనే.
మేమేమో ఒక్క రాత్రి లెక్క తేలక
మూడు రోజులుగా టీలు తాగుతున్నాం.

ఆగస్టు పద్నాలుగు, సోమవారం.
రెండూ నలభై ఏడు, తొమ్మిది సెకన్లు.

ఏసీ చప్పుడు.
సువార్త తల ఎత్తలేదు. వేళ్ళకింకా మందు మరక.
రాజు గారే నెమ్మదిగా లెక్కపెట్టారు.
"మరి ఏడుంపావు దాకా ఎక్కడుందండీ?"

తెలిసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే.
శనివారం సాయంత్రం, నర్సాపురం బండికి టైమైపోతోందని
వడపోతలో ఒక లైను మార్చి
పారుతోందో లేదో చూడకుండా లేచిపోయాను.
ఆదివారం ఎవరూ ఉత్తరాలు రాయలేదు.
ఆమె రాసింది.
అది వచ్చి మా గుమ్మంలోనే నిలబడింది
నాలుగున్నర గంటలు,
పుట్టిన వేళని మెడలో కట్టుకుని.

కర్సరు కొట్టుకుంటోంది.
ఆమె పొల్లులో గింజ దొరికింది.
నా గొంతులోనే ఏదీ పలకడం లేదు.

"నా దగ్గరుందండీ" అన్నాను చివరికి.

కిటికీలోంచి గేటు కనపడుతోంది.
ప్లాస్టిక్ బకెట్లో చచ్చిన రొయ్యలు పట్టుకుని వీరవెంకమ్మ.
సెకన్లతో ఆమెకి పని లేదు.
కిందికి దిగి ఎవరో ఒకరు,
అంటే నేను,
అయ్యిందంతా చెప్పాలి,
అచ్చులతో సహా.